కాలు కింద పెట్టకుండా

సూర్యాపేట బంగ్లా వెనక మైదానంలో మోటారు ఇన్‌స్పెక్టరు సున్నంతో పెద్ద ఇంగ్లీషు ఎనిమిది గీయించాడు. ఒక్కో గుండ్రం నడుమ ఒక్కో రాయి పెట్టించాడు. లైసెన్సు కావలసినవాడు ఆ గీత వెంట రెండుసార్లు బండి తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. ఆ తరువాత రోడ్డెక్కి కాలువ మీది మోరీ దాకా పోయి తిరిగి రావాలి. ఇంతే పరీక్ష. ఈ 'ఇంతే' దగ్గరే పొద్దుటినుంచీ ముగ్గురు షోకుబాబులు మోకాళ్ళు చెక్కించుకుని ఇంటిదారి పట్టారు.

మత్తయ్య వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. మిషన్ దవాఖానలో కట్లు కట్టే మనిషి అతను. ముప్పై ఐదేళ్ళుంటాయి. బండి దవాఖానదే. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు వదిలించుకున్న చిన్న మోటారు సైకిలు. దీన్ని విమానంలోంచి గొడుగు కట్టి కిందికి వదిలేవారని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే అమాంతం లేస్తుంది. బజారులో పోతుంటే "మేకపిల్ల వస్తుందిరోయ్" అని జనం నవ్వేవారు. ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం అట్టలు వేలాడుతూ ఆ మేకపిల్ల రెండు నెలలుగా ఊరంతా తిరిగింది. కోదాడకూ మిర్యాలగూడకూ అమ్మవారి టీకామందు మోయడానికి దాన్ని కొన్నారు. బస్సు మీద మందు పంపితే ఎండకు చచ్చిపోతుంది. చచ్చిన మందు ఎంతమందికి పొడిచినా ఒకటే, పొడవకపోయినా ఒకటే.

మత్తయ్య ఎనిమిది తిప్పాడు. చూస్తున్నవాళ్ళు నవ్వడం మానేశారు. పిండి పట్టి ముగ్గు వేసినట్టు గీత మీద గీత పడింది. ఇన్‌స్పెక్టరు నెరిసిన మీసం కింద పెదవి ఒకసారి కదిలింది, అది మెప్పేనని పక్కనున్న జవాను అనుకున్నాడు. "ఇగ మోరీ దాక పోయిరా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పోయాడు. మోరీ దగ్గర చెయ్యి చాపి సైగ చేసి బండి తిప్పుకున్నాడు. తిరిగి వస్తూ ఉంటే మైదానం మలుపులో ఇన్‌స్పెక్టరు పక్కన ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. తెల్లటి ధోవతి, భుజాన జరీ కండువా, చేతిలో పొన్ను కర్ర. పెన్‌పహాడ్ పటేలు, మత్తయ్య సొంతూరి దొర. కొడుక్కి లైసెన్సు ఇప్పిద్దామని వచ్చాడు. ఆయన మత్తయ్యను చూడనైనా లేదు. కొడుకు కొన్న పెద్ద మిలటరీ బండిని చూసుకుంటూ మీసం దువ్వుకుంటున్నాడు.

తరువాత ఏం జరిగిందో మత్తయ్యకు తెలియదు. చూసినవాళ్ళకు తెలుసు. పటేలుకు ఇరవై గజాల ఇవతల ఇంజను కట్టేశాడు. దిగాడు. చెప్పులు విడిచి హాండిలుకు తగిలించాడు. తలగుడ్డ తీసి చంకన పెట్టాడు. తల వంచుకుని బండిని నెట్టుకుంటూ పటేలు ముందునుంచి నడిచి, ఇంకో ఇరవై గజాలు దాటాక ఆగాడు. కాళ్ళకింద దుమ్ము చుర్రుమంటే అప్పుడు తెలివి వచ్చింది తను నేల మీద ఉన్నానని.

"ఏమైందోయ్?" ఇన్‌స్పెక్టరు గబగబా వచ్చాడు. "నడి సడక్ మీద ఎందుకు దిగినవ్?"

మత్తయ్య నోరు తెరిచాడు. పటేలు ఇప్పుడు ఇటే చూస్తున్నాడు. ఆయన కొడుకూ చూస్తున్నాడు. మైదానం చుట్టూ వందమంది.

"ఇంజన్ ఆగింది సార్" అన్నాడు.

"మేకపిల్లకు దప్పికైనట్టుంది!" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు.

ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. ఖాయిదా అంటే ఖాయిదా, రూలు తప్పని రకం మనిషి. కాయితం మీద ఉర్దూలో ఏదో రాసి, మత్తయ్యకు తెలియాలని తెలుగులో చదివి చెప్పాడు. "మనిషి మంచిగనే నడుపుతుండు. బండి నడుమ ఆగుతుంది. ఈ బండి నేర్చుకునేటోనికి తగింది కాదు. వేరే బండి తెస్తే మళ్ళ సూస్త. ఐదొద్దులకు కోదాడల ఉంట, ఆ తర్వాత మిర్యాలగూడ. ఆ పైన మూడు నెలల దాక ఇటు రాను."

మరునాడు పొద్దున్నే దవాఖాన వసారాలో గోనెపట్టా పరిచారు. దాని మీద మేకపిల్లను నిలబెట్టారు. డాక్టరు సత్యవతమ్మ బందరు మనిషి. కొంగు నడుముకు చుట్టి తనే వంగి కూర్చుంది. బస్సులు బాగుచేసే జానయ్యను పిలిపించింది. జానయ్య ప్లగ్గు విప్పి మసి గీకాడు. పెట్రోలు గొట్టం విప్పి నోట పెట్టి ఊదాడు. కార్బొరేటరు ముక్కలు ముక్కలుగా పళ్ళెంలో పేర్చాడు.

"పెట్రోల్లో నూనె ఎక్కువ కలిపావా మత్తయ్యా?" అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. ఎప్పుడు కలిపినంతే."

"మరి ఎందుకాగింది? ఆగే ముందు టపటపమందా, లేకపోతే ఒక్కసారిగా పోయిందా?"

"ఒక్కసారే పోయిందమ్మా."

దొంగకు తేలు కుట్టినట్టు మత్తయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తన నోటినుంచి జారిన అబద్ధాన్ని ఇద్దరు పెద్దమనుషులు స్క్రూడ్రైవరు పెట్టి ఇనుములో వెతుకుతున్నారు. అది అక్కడ లేదు. తన దగ్గర ఉంది. ఒక్క మాట అంటే చాలు, జానయ్య చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. ఇంజను ఆగింది అనడం తేలిక. నేనే దిగాను అనడమే కష్టం. ఎందుకు దిగావంటే ఏమని చెప్తాడు? పోలీసు యాక్షన్ అయి ఏడు నెలలైంది, దొరల పెత్తనం పోయిందని ఊరూరా డప్పు కొట్టారు. ఆ డప్పుల్లో ఒకటి కొట్టింది తనే.

పొద్దువాలే వేళకు జానయ్య బండిని మళ్ళీ కూర్చి ఒక్క తన్ను తన్నాడు. బండి టుర్రుమంది. గంటసేపు నిలబెట్టి ఉంచినా ఆగలేదు.

"దీనిల రోగం లేదు డాక్టరమ్మా. కానీ నడుమ ఆగుతుందని సర్కారు రాసిండు గదా. ఇగ దానికి మచ్చ పడ్డట్టే."

డాక్టరమ్మ నడుముకు చుట్టిన కొంగు విప్పుకుంది. "మనకు కుదిరినట్టు లేదులే మత్తయ్యా. నెలాఖరుకు అమ్మేద్దాం. మందు ఎప్పట్లానే బస్సుకు వేద్దాం, దేవుడి దయ. ఈ శుక్రవారం మట్టుకు కోదాడకు నువ్వే తీసుకెళ్ళు, అక్కడ అప్పుడే ముగ్గురు పిల్లలకు అమ్మవారు పోసిందట." అని లోపలికి వెళ్ళిపోయింది. కోప్పడి ఉంటే బాగుండేది.

ఇంటికి వెళ్ళాక రూతమ్మ చెంబుతో నీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె అదే దవాఖానలో మంత్రసాని. పిల్ల కడుపులో ఎటు తిరిగిందో చెయ్యి పెట్టి చెప్పే మనిషికి మొగుడి మొహం చదవడం ఎంతసేపు!

"ఇంజన్ ఆగిందా, నువ్వే ఆగినవా?"

మత్తయ్య నీళ్ళు తాగడం ఆపాడు.

"పటేలు నిలవడ్డడట గదా ఆడ" అంది రూతమ్మ. "నీళ్ళకాడ ఆడోళ్ళు చెప్పిన్రు. బండి ఆగితే చెప్పులెందుకిడుస్తడే అని నన్నే అడిగిన్రు. ఏం చెప్పాలె?"

"నాకు తెల్వకుండనే దిగిన రూతమ్మా. ఒట్టు. దిగాలని అనుకోలె. కాళ్ళే దిగినయ్."

ఆమె మొగుడి కాళ్ళ వంక చూసింది. అరికాళ్ళలో నిన్నటి బొబ్బలు ఇంకా మానలేదు. కొబ్బరినూనె తెచ్చి రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ అంది. "దిగినందుకు నేనేమనను. మా నాయిన దిగిండు, మీ నాయిన దిగిండు. ఆడలేక మద్దెల ఓడన్నవ్ సూడు, అదే మంచిగలేదు. ఆ బండేం పాపం చేసింది? నోరులేనిదాని మీద నింద ఏస్తివి. నోరున్నోని పేరు తీయకపోతివి."

ఆ మాట మత్తయ్యకు రోకటిపోటులా తగిలింది. తగలాలనే ఆమె అంది.

శుక్రవారం తెల్లవారుతూనే తడిగుడ్డ చుట్టిన మందుపెట్టెను వెనక కట్టుకుని మత్తయ్య కోదాడ దారి పట్టాడు. ఎర్ర అట్టలు రెండూ గాలికి టపటపలాడుతున్నాయి. బండి మీద ఉన్నప్పుడు అతనికి ఎప్పుడూ కలిగే సంతోషం ఇవాళా కలిగింది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. వరికోసిన మళ్ళు, తుమ్మచెట్లు, దారిపక్కన మేకలు, అన్నీ తనకోసమే పక్కకు జరుగుతున్నట్టు ఉంది.

మునగాల పొలిమేరలో పోలీసు జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. చుట్టూరా హైదరాబాదు రాజ్యమే అయినా నడుమ మునగాల పరగణా మాత్రం మద్రాసువాళ్ళది, కృష్ణా జిల్లా కింద లెక్క. నది మధ్యలో లంకలాగా. దారి మాత్రం దాని గుండానే పోవాలి.

జవాను మత్తయ్య కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నేర్చుకునేవాళ్ళ కాగితం. మీ నైజాంలో చెల్లుద్ది, ఇక్కడ చెల్లదు. వెనక్కి తిరుగు."

"మందు సార్. కోదాడల పిల్లలకు అమ్మవారు పోసింది."

జవానుకు జాలి కలిగింది. జాలికీ చట్టానికీ నడుమ కాసేపు నలిగాడు. "ఎక్కితేనే గదయ్యా నడిపినట్టు? ఇంజను కట్టేసి నెట్టుకుంటూ పో. అప్పుడది బండి కాదు, సామాను. సామానుకు లైసెన్సేంటి!"

"ఎంత దూరం సార్?"

"ఎంతో లేదు. ఆరు మైళ్ళు."

మత్తయ్య దిగాడు. నెట్టడం మొదలుపెట్టాడు. రెండు మైళ్ళు పోయాక వెనక ఉరుములాంటి చప్పుడై చూస్తే పటేలు కొడుకు. సూర్యాపేటలో ఆ రోజు వంతు రాక అతనూ కోదాడ పరీక్షకే పోతున్నట్టుంది, అతన్ని కూడా జవాను ఆపి దింపినట్టున్నాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు. రెండు వడ్ల బస్తాల పైచిలుకు బరువున్న ఇనుమును రొమ్ముతో నెడుతూ, నాలుగడుగులకు ఒకసారి ఆగుతూ, ఆగిన చోటల్లా ఇంజను కొట్టి పది గజాలు ఎక్కి, మళ్ళీ భయపడి దిగుతూ వస్తున్నాడు. పట్టుచొక్కా వీపుకు అంటుకుపోయింది.

మత్తయ్య అలా చూస్తూ నిలబడిపోయాడు. పటేలింటి మనిషి బండి దిగి నడవడం అతని జన్మలో మొదటిసారి చూస్తున్నాడు. ఎవరి ముందో తల వంచి కాదు. ఖాయిదా దిగమంది, దిగాడు. తననూ అదే ఖాయిదా దిగమంది, తనూ దిగాడు. ఈ దిగడంలో సిగ్గు లేదు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి, తలగుడ్డ తలకే ఉంది. మునగాల అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు "ఏమయ్యా, పాడయిందా?" అని అడిగితే "లేదు, మీ రాజ్యం దాటిందాక గింతే" అని నవ్వుతూ జవాబు చెప్పాడు. అలా నవ్వుతూ జవాబు చెప్పి ఎన్నాళ్ళయిందో.

"మత్తిగా!" పిల్లవాడు రొప్పుతూ పిలిచాడు. "జర చెయ్యెయ్యిరా. నాతోని కాదు."

వెనకనుంచి కోదాడ వైపు పోయే వడ్లబండి వస్తోంది. మత్తయ్య దాన్ని ఆపాడు. బండివాడూ, ఇద్దరు కూలీలూ, తనూ కలిసి ఆ మిలటరీ బండిని కిందా మీదా పడి ఎక్కించారు. ఎద్దులు కళ్ళు తేలవేశాయి.

"నీదెంత బరువుంటది?" అడిగాడు పిల్లవాడు మేకపిల్లను చూస్తూ. ఆ అడగడంలో వెక్కిరింత లేదు.

"నేనొక్కన్నే మోరీ దాటిస్త" అన్నాడు మత్తయ్య.

కోదాడలో ముందు దవాఖానకు వెళ్ళి మందు అప్పగించాడు. మందు చల్లగా ఉందని అక్కడి కంపౌండరు చెంపకు ఆనించుకుని మరీ చూశాడు. ఆ తరువాత చెరువు దారిలో ఉన్న మైదానానికి పోయేసరికి సున్నపు ఎనిమిది గీసి ఉంది. పటేలు బస్సులో ముందే వచ్చి ఇన్‌స్పెక్టరు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మునగాల దాటేదాకా ఎద్దులబండిలో ఊరేగి వచ్చిన కొడుకు చెట్టుకింద నీళ్ళు తాగుతున్నాడు.

ఇన్‌స్పెక్టరు మేకపిల్లను చూడగానే తల అడ్డంగా ఆడించాడు. "వేరే బండి తెమ్మన్న గదా. మళ్ళ దీన్నే తెస్తివేంది?"

మత్తయ్య బండిని నిలబెట్టాడు. చెమట తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్న కోదాడ జనం తనకు తెలియనివాళ్ళు, అయినా అన్ని కళ్ళూ కళ్ళే. ఎదురుగా పటేలు. ఇప్పుడు చెప్పకపోతే నెలాఖరుకు మేకపిల్ల పోతుంది. ఆ తరువాత చెప్పినా వినేవాడు ఉండడు.

"ఆ దినం ఇంజన్ ఆగలె సార్" అన్నాడు. "నేను అబద్ధమాడిన. బండిల ఏ తప్పు లేదు. నేనే దిగిన."

"నువ్వే దిగినవా? ఎందుకు?"

"పటేలును సూసి దిగిన."

పటేలు కర్రను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నేను దిగమన్ననారా?" అన్నాడు గొంతు సవరించుకుని. "అందరి ముందట అడుగుతున్న, చెప్పు. అన్ననా?"

"అనలె పటేలా." మత్తయ్య ఆగలేదు. "ఎన్నడూ అనలె. అనకుండనే దిగుతం. మా నాయిన సైకిల్ దిగిండు, నేను దిగిన. మీరు ఇటు సూడకపోయినా దిగిన. కాళ్ళకు గట్ల అలవాటైంది. కానీ దానికి ఈ బండిని అనద్దు సార్. ఇది మంచి బండి. నా అసొంటోడు నేర్చుకునేటందుకు ఇంతకంటే మంచిది దొరకదు. తప్పు రాస్తే నా పేరు మీద రాయుండ్రి."

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి ఖాయిదాల పుస్తకం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ వెతికి పట్టుకున్నాడు.

"బండి ఎప్పుడెప్పుడు ఆపాలెనో ఇందుల రాసుంది" అన్నాడు వేలితో వరస వెంట పోతూ. "పోలీసు చెయ్యి అడ్డం పెడితే ఆపాలె. రైలు గేటు పడితే ఆపాలె. పశువుల మంద అడ్డమొస్తే ఆపాలె." పేజీ తిప్పి చూశాడు. మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. "పటేలొస్తే ఆపాలెనని యాడా లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరు అటు చూడగానే నోరు మూసుకున్నారు. ఆయన పరిహాసమాడలేదు. నిజంగానే వెతికాడు.

"ఇగ సూడు. మొదటి పరీక్షల నువ్వు తప్పింది దేనికాడ? పటేలు సాబ్ కాడ. మళ్ళ పరీక్ష కూడ ఆడనే జరగాలె." కుర్చీవైపు తిరిగాడు. "పటేల్ సాబ్, జర తక్లీఫ్ అనుకోకుండ్రి. ఆ రాయి తీసేసి మీరు నిలవడుండ్రి."

"నేనా? రాయి తావున?"

"అయిదు నిమిషాలే."

పటేలు మొహం కందగడ్డ అయింది. లేచి పోదామనుకున్నాడు. కానీ ఇన్‌స్పెక్టరు కలం కింద కొడుకు కాయితం ఉంది. కొడుకు ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు లైసెన్సుతో వస్తానని. ఒక్కోసారి మనిషిని కదిలించడానికి రాజ్యాలు మారినా చాలదు, కొడుకు కోరిక చాలుతుంది. పటేలు కర్ర పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి సున్నపు గుండ్రం నడుమ నిలబడ్డాడు.

మత్తయ్య బండి తన్నాడు. మొదటి గుండ్రం రాయి చుట్టూ, హాయిగా తిరిగింది. రెండో గుండ్రంలోకి వచ్చేసరికి పటేలు బారెడు దూరంలో ఉన్నాడు. జరీ కండువా, ఎండకు ఎర్రబడ్డ చెవులు, ధోవతి అంచు. మత్తయ్య కుడికాలు జివ్వుమంది. మడమ లేచింది. మోకాలు తనంతట తానే వంగడం మొదలుపెట్టింది. దిగు, దిగు అని ఎవరో లోపలినుంచి తోస్తున్నారు. ఆ తోసేది తన ఒక్కడి భయం కాదు, తాతలనాటిది.

కాలును ఫుట్‌రెస్టుకు అదిమిపట్టాడు. పటేలును చూడడం మానేసి గీతను చూశాడు. డాక్టరమ్మ చెప్పిన మాట అదే. ఎటు చూస్తే బండి అటే పోతుంది. గీత వెంట చూపు, చూపు వెంట చక్రం. ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో మడమ లేవలేదు. పటేలు వీపు కనబడింది, పక్క కనబడింది, మళ్ళీ మొహం కనబడింది. అన్నివైపులనుంచీ చూస్తే ఆయనా ఒక మనిషంత మనిషే, ఎండలో నిలబడి చెమట పట్టిన ముసలాయన. ఛాతీ నిండా ఊపిరి వచ్చింది మత్తయ్యకు. అలాంటి ఊపిరి తన రొమ్ములో పడుతుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

"బస్, చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మోరీ దాకా పొమ్మని కూడా అనలేదు. అక్కడికక్కడే కాయితం రాసి, ముద్ర గుద్ది, తనే నడిచి వచ్చి ఇచ్చాడు. ఎర్ర అట్టలు రెండూ తన చేత్తోనే విప్పాడు.

తరువాత పటేలు కొడుకు పెద్దబండి ఎక్కాడు. మొదటి మలుపులో ఒక కాలు, రెండో మలుపులో రెండు కాళ్ళు, మూడో మలుపులో మొత్తం మనిషే కింద పడ్డాడు. ఇన్‌స్పెక్టరు అతని కాయితం మీద రాసి చదివాడు. "ఈ బండి నేర్చుకునేటోనికి తగింది కాదు. చిన్నది తెస్తే సూస్త. మూడు గంటలకు మిర్యాలగూడకు పోతున్న."

మత్తయ్య బయల్దేరదామని ఇంజను కొట్టి జీను మీద కూర్చున్నాడు. ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. పటేలు. ఇంజను మోతలో వినబడదని వంగి, హాండిలు మీద చెయ్యి వేశాడు.

"మత్తయ్యా."

ఆ నోట తన పేరు నిండుగా వినడం అదే మొదలు.

"మావోడు... ఇయ్యాల కాయితం లేకుండ ఊర్లెకు రానంటుండు. నీ బండి జర ఇస్తవా? ఒక్క అరగంట."

పటేలు నిలబడి మాట్లాడుతున్నాడు, తను కూర్చుని వింటున్నాడు. ఆ సంగతి మత్తయ్యకు ఇప్పుడే తెలిసింది. కాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

"ఇస్త పటేలా" అన్నాడు. "పిల్లగాన్ని పిలువుండ్రి. ఉత్తగ ఎక్కితే పడతడు, ముందుగాల నేను రెండు ముచ్చట్లు చెప్పాలె."

ఇంజను కట్టేసి, తాపీగా దిగి, బండి అప్పగించాడు. పిల్లవాడు బుద్ధిగా వచ్చి ఎక్కాడు. మత్తయ్య పక్కన నిలబడి అతని చేతిని గేరు మీద పెట్టాడు, వేళ్ళను క్లచ్చు మీద సర్దాడు. దగ్గరుండి రెండుసార్లు వట్టిగా తిప్పించాడు. పటేలు కండువా నెత్తిన వేసుకుని పక్కనే నిలబడి వింటున్నాడు.

"కాళ్ళు ఎప్పుడు కింద పెట్టాలె?" అడిగాడు పిల్లవాడు.

"బండి ఆగినంక" అన్నాడు మత్తయ్య. "అందాక ఎవరొచ్చి ముందట నిలవడ్డా పెట్టద్దు."